మందుచీటీ వెనక మనిషి



కొత్త సంవత్సరం రాగానే మనలో చాలామందిమి ఆరోగ్యం గురించి ఏదో ఒక నిర్ణయం తీసుకుంటాం. రేపటి నుంచి నడక అంటాం, రాత్రిపూట అన్నం మానేస్తాం అంటాం. నాలుగు వారాలు తిరగకముందే ఏదో ఒక వలీమా విందులో ఆ నిర్ణయం కాస్తా పోతుంది. ఎన్నో ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్న నాకు ఒక సంగతి తెలిసింది. లెక్కలు రాని పిల్లవాడికి లెక్కలే పదిసార్లు చెబితే చాలదు. వాడు పొద్దున ఏమైనా తిని వచ్చాడా, బోర్డు మీది అంకెలు వాడికి కనిపిస్తున్నాయా, రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయారా అన్నవీ చూడాలి. ఆరోగ్యం సంగతీ ఇంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది. జబ్బు లేకపోవడమే ఆరోగ్యం కాదనీ, శరీరం, మనసు, నలుగురితో కలిసి బతికే బతుకు మూడూ బాగుండాలనీ అందులో ఉంది. మాట పాతదే. ఆచరణలో మాత్రం మనం ఇంకా మందుచీటీ దగ్గరే ఆగిపోతున్నాం.

మన ఊరు నేర్పిన పాఠం

2020 డిసెంబరు 5వ తేదీని ఏలూరు వాళ్లెవరూ మరిచిపోరు. వన్‌టౌన్ వీధుల్లో ఉన్నట్టుండి మనుషులు కళ్లు తిరిగి పడిపోయారు. కొందరికి మూర్ఛ, కొందరికి వాంతులు. కొన్ని రోజుల్లోనే బాధితుల సంఖ్య ఆరు వందలు దాటింది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే తేరుకున్నారు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత వచ్చిన నివేదికలు పురుగుమందుల అవశేషాలనే ప్రధానంగా అనుమానించాయి.

పడిపోయినవాళ్లలో తిండి విషయంలో జాగ్రత్తగా ఉండేవాళ్లూ, రోజూ నడిచేవాళ్లూ లేకపోలేదు. మనిషి ఒక్కడే ఎంత జాగ్రత్తగా ఉన్నా, తాగే నీరు, తినే కూర, ఉండే వీధి బాగోకపోతే ఆ జాగ్రత్త సగమే. ఆ డిసెంబరు మనకు నేర్పింది ఇదే.

చేసే పనిని బట్టి వచ్చే బాధ

ఏలూరు తివాచీలు పేరున్నవి. వాటిని నేసిన మన పెద్దలు పొద్దస్తమానం మగ్గం ముందు వంగి కూర్చునేవారు. నడుము నొప్పి, కళ్ల మంట, ఉన్ని నూగు వల్ల దగ్గు వాళ్లకు మామూలే. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి మెడ, మోకాళ్లు ముందు అరుగుతాయి. అతనికి వ్యాయామం చెయ్యమని చెబితే నవ్వుతాడు. అతనికి కావలసింది విశ్రాంతి, వేళకు భోజనం.

కొల్లేటి లంకల్లో చుట్టూ నీళ్లే, తాగే నీళ్లు మాత్రం టిన్నుల్లో కొనుక్కోవాలి. చేపల చెరువుల మీద కాపలా ఉండేవారికి రాత్రి నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు. ఎండు చేప, ఊరగాయ పెట్టుకుని రెండు పూటలు గడుపుకుంటారు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలు. ఊరగాయతో గడిచే ఇంట్లో అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. అలాంటి ఇంట్లో బీపీ 140/90 దాటితే మందు ఒక్కటే ఏం చేస్తుంది?

నేను చేసిన పొరపాటు

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి తల్లికి షుగరు. మేం కొందరం కలిసి నెలనెలా ఆమెకు మాత్రలు కొనిచ్చేవాళ్లం. అయినా షుగరు తగ్గలేదు. "మందులు సరిగా వేసుకోవా?" అని ఒకరోజు కాస్త గట్టిగానే అడిగాను. ఆమె తల దించుకుంది.

తర్వాత మా ఇంటావిడ వెళ్లి కూర్చుంటే అసలు విషయం బయటపడింది. పిల్లలకు సరిపోదని ఆమె రాత్రిపూట తినడం మానేసింది. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. భయపడి మాత్ర ఆపేసింది. కొన్ని షుగరు మాత్రలు తిండి లేకుండా వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆమె కావాలని చేసిన తప్పేమీ లేదు. దానికి తోడు పెద్దమ్మాయి పెళ్లికి చేసిన అప్పు ఆమెను రాత్రంతా నిద్రపోనిచ్చేది కాదు. షుగరు ఉన్నవారిలో మనసు కుంగిపోవడం మిగతావారికంటే ఎక్కువ. కుంగిన మనిషి మందు మీదా, తిండి మీదా శ్రద్ధ పెట్టలేదు.

మేం మాత్రలకు డబ్బిచ్చాం గానీ, ఆ మాత్ర ఏ పళ్లెం పక్కన పడుతుందో చూడలేదు. తర్వాత ఆ ఇంటికి నెలకు సరిపడా కందిపప్పు, రాగిపిండి, గుడ్లు చేర్చాం. డాక్టరు మాత్ర మార్చారు. అప్పు వాయిదాల గురించి ఇద్దరు పెద్దలు వెళ్లి మాట్లాడారు. షుగరు మాయం కాలేదు గానీ అదుపులోకి వచ్చింది. ఆమె ఇప్పుడు తల ఎత్తి మాట్లాడుతోంది.

ఈ ఏడాది మన ఇంట్లో

ముప్పై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి బీపీ, షుగరు చూపించుకోవాలి. పరగడుపున 126 లేదా అంతకు మించి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరు ఉన్నవారు ఏటా కళ్లు, కిడ్నీలు పరీక్ష చేయించుకోవాలి, రోజూ పాదాలు చూసుకోవాలి. వారానికి 150 నిమిషాల నడక అంటే రోజుకు దాదాపు ఇరవై రెండు నిమిషాలే. మసీదుకు, మార్కెట్టుకు బండి తీయకుండా నడిచి వెళ్తే చాలావరకు సరిపోతుంది. ఆకుకూరలు, కూరగాయలు పారే నీళ్లలో బాగా కడగాలి.

రంజాన్‌కు రెండు నెలల ముందే షుగరు ఉన్నవారు డాక్టరును కలవాలి. మాత్రల వేళలు, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి ఉంటుంది. రోజాలో ఉండగా షుగరు 70 కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. కాబట్టి ఆ సందేహంతో పరీక్ష మానవద్దు.

మనసు బాగోలేదని చెప్పుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒంటరిగా ఉండే ముసలివారి ఇంటికి జుమా నమాజు తర్వాత ఒకసారి వెళ్లి పది నిమిషాలు కూర్చుంటే అదీ వైద్యమే.

దాతలకు ఒక విన్నపం

మీ సదఖా, జకాత్ డబ్బుతో ఎన్నో ఇళ్లకు మందులు చేరుతున్నాయి. ఆ పుణ్యం చిన్నది కాదు. దానికి ఇంకొక అడుగు జోడిద్దాం. సాయం అడిగి వచ్చినవారి దరఖాస్తు మీద నాలుగు ప్రశ్నలు చేర్చుదాం. ఇంట్లో రెండు పూటలా తిండి ఉందా? తాగే నీరు ఎక్కడిది? చేసే పని ఏమిటి? ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి ఉన్నారా? ఈ నాలుగింటి జవాబులు తెలిస్తే మన రూపాయి ఎక్కడ పనిచేస్తుందో తెలుస్తుంది. ఒకరికి మందు కావాలి, ఒకరికి బస్సు ఛార్జీ, ఒకరికి పప్పు, ఇంకొకరికి ఒక తోడు.

క్షయ రోగుల పోషణకు ప్రభుత్వం చికిత్స ఉన్నంతకాలం నెలకు 1000 రూపాయలు ఇస్తోంది. నిక్షయ్ మిత్ర పేరుతో 2022లో మొదలైన పథకం కింద మనలాంటి సొసైటీలు కూడా రోగులను ఎంచుకుని కనీసం ఆరు నెలలు పోషకాహారం ఇవ్వవచ్చు. దాతలు పదిమంది కలిస్తే ఒక ఇంటిని నిలబెట్టడం కష్టమేమీ కాదు.

మందుచీటీ మీద పేరు, వయసు, మందుల వరుస ఉంటాయి. ఆ మనిషి ఆకలి, దిగులు, ఒంటరితనం దాని మీద రాసి ఉండవు. అవి అడిగి తెలుసుకోవలసినవి. ఈ ఏడాది ఇచ్చే ముందు ఒక్క నిమిషం కూర్చుని అడుగుదాం. అల్లాహ్ మన సంకల్పాన్ని స్వీకరించుగాక, అందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.