"జారి పడ్డానమ్మా" అనే మాట వెనుక



చెయ్యి విరిగి ఓ.పి.కి వచ్చే స్త్రీలలో కొందరు "కట్టెల మోపుతో జారి పడ్డానమ్మా" అంటారు. అడవి పక్క ఊళ్లు కదా, నిజంగా పడేవాళ్లూ ఉంటారు. అయితే పడిన మనిషికి సాధారణంగా అరచేతులు, మోకాళ్లు గీసుకుపోతాయి. దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టిన మనిషికి మోచేతి కింద బయటివైపు కములుతుంది. పాత మచ్చల పక్కనే కొత్తవి కనిపిస్తాయి.

నా ట్రైనింగు రోజుల్లో కట్టు కట్టడం నేర్పారు గాని, "ఎవరు కొట్టారమ్మా" అని అడగడం నేర్పలేదు. ఇంటి గొడవ అనుకునేవాళ్లం. 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో పెళ్లయిన ప్రతి 100 మంది స్త్రీలలో సుమారు 37 మంది భర్త చేతిలో హింసకు గురైనట్లు తేలింది. వాళ్లలో మన సంఘంలోని అక్కచెల్లెళ్లు లేరని ఎలా అనుకుంటాం? ముంబైలో బాంద్రా భాభా మునిసిపల్ ఆసుపత్రిలో 2001లోనే ఇలాంటి స్త్రీల కోసం 'దిలాసా' అనే విభాగం తెరిచారు.

అందుకే సిస్టర్లు మీ ఇంటాయన్ని మందుల చీటీ ఇచ్చి బయటికి పంపి, మీతో విడిగా మాట్లాడతారు. మీరు చెప్పింది మీ మాటల్లోనే కేసు షీటులో రాస్తారు. ఏళ్ల తర్వాత కోర్టుకు వెళ్లినా ఆ కాగితం పనికొస్తుంది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం ప్రకారం, బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం చేసి తీరాలి. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. గాయం పెద్దదైతే పోలీసులకు కబురు చేయడం మా విధి. ఆ సంగతి ముందే చెబుతాం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. గొంతు నొక్కితే పైకి మచ్చ లేకపోయినా ప్రమాదమే. గొంతు బొంగురుపోయినా, మింగుడు పడకపోయినా, కళ్లు తిరిగినా తెల్లవారేదాకా ఆగవద్దు. గర్భిణి కడుపు మీద దెబ్బ తగిలినా అంతే. మాయ విడిపోయి తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికి రావచ్చు.

అత్యాచారం జరిగితే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా రండి. ఉతికేసినా రండి. గర్భం రాకుండా, హెచ్.ఐ.వి. సోకకుండా మందులున్నాయి, 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఈ వైద్యానికి ఏ ఆసుపత్రీ డబ్బు అడగకూడదు.

మహిళల హెల్ప్‌లైను 181. ఫోను మీ చేతిలో ఉండదంటే, బిడ్డ టీకా వంకతోనైనా రండి. ఓ.పి. చీటీ మీద "తలనొప్పి" అని రాయించుకుంటే చాలు, మిగతాది లోపల మాట్లాడుకుందాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్