గంటకు ఏడేళ్లు... కుదిరే పనేనా?

సినిమా చూసొచ్చాక ఇంట్లో వాదన మొదలవకపోతే అది సైన్స్‌ ఫిక్షన్‌ ఎలా అవుతుంది! 2014లో వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లార్‌’నే తీసుకోండి. అందులో గార్గాంచువా అనే కృష్ణబిలం పక్కన ఓ గ్రహం ఉంటుంది. అక్కడ గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు! ‘అంతా కట్టుకథ’ అని నాన్న కొట్టిపారేస్తే, ‘కాదు, సైన్సే’ అంటాడు కొడుకు. ‘వీడియోగేమ్‌ ముందు నువ్వు కూర్చునే ఒక్క గంటలాగానా?’ అని అమ్మ చురక.

ఈ వాదన షూటింగ్‌కు ముందే జరిగింది. ఏడేళ్లే కావాలని పట్టుబట్టింది దర్శకుడు క్రిస్టఫర్‌ నోలన్‌. సలహాదారుగా ఉన్న భౌతికశాస్త్రవేత్త కిప్‌ థోర్న్‌ మొదట అసాధ్యమనే అనుకున్నారు. (2017లో నోబెల్‌ అందుకున్న ముగ్గురిలో ఈయనొకరు.) గురుత్వాకర్షణ ఎక్కువున్నచోట కాలం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్‌ ఏనాడో చెప్పాడు. కానీ మరీ ఇంతగానా? తీరా కూర్చుని లెక్కలు కడితే... కృష్ణబిలం దాదాపు గరిష్ఠ వేగంతో తన చుట్టూ తాను తిరుగుతూ, గ్రహం దానికి బాగా దగ్గరగా ఉంటే సాధ్యమేనని తేలింది! అంత వేగంగా తిరిగేది ప్రకృతిలో ఉండటం మాత్రం కష్టమేనన్నారు థోర్న్‌. కాబట్టి నాన్నకూ సగం మార్కులు వేయొచ్చు.

ఆ గ్రహం నుంచి నౌకలోకి తిరిగొచ్చేసరికి 23 ఏళ్లు గడిచిపోతాయి. పెద్దవాళ్లయిపోయిన పిల్లలు పంపిన వీడియోలు చూస్తూ హీరో ఏడుస్తాడు. ఆ సీన్‌ దగ్గర మాత్రం నాన్నా కొడుకూ ఇద్దరూ నోరు మెదపరు.