తడి కాదు, పొడి కాదు

వనస్థలిపురం, ఎల్బీనగర్ పాతకాపులకు ఆటోనగర్ డంపింగ్ యార్డు గుర్తుండే ఉంటుంది. హరిణ వనస్థలి పార్కుకు దగ్గర్లో ఒకప్పుడు నగరం చెత్త తెచ్చి గుట్టలు పోసేవారు. అది మూతపడ్డాక లారీలు జవహర్‌నగర్ దారి పట్టాయి. కంపు మన కాలనీలను వదిలి అక్కడివాళ్ల ఇళ్లలో చేరింది. చెత్తగుట్ట పక్కన బతకడం అంటే ఏమిటో చూసిన ప్రాంతం కనుక ఇక్కడివాళ్లకు ఒక సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఇంటి చెత్తలో విషపు సరుకు ఉండేది కాస్తంతే. కానీ ఎరువు కావలసిన తడిచెత్తను పాడుచేసేది, గుట్ట కిందనుంచి ఊరే నల్లటి నీటిని విషం చేసేది, చెత్త ఏరేవాళ్ల చేతులు కోసేది ఆ కాస్తే. ఒకసారి కలిసిపోయాక దాన్ని విడదీయడం ఎవరి వల్లా కాదు. వేరు చేస్తే ఇంట్లోనే చేయాలి.

2015లో నగరంలో ఇంటింటికీ రెండు డబ్బాలు పంచారు. పచ్చది తడిచెత్తకు, నీలంది పొడిచెత్తకు. మరి కాలం తీరిన మాత్రలు, కాలిపోయిన ట్యూబ్‌లైటు, ఇన్సులిన్ సూదులు, సగం మిగిలిన పెయింటు డబ్బా, దోమల మందు సీసా ఎందులో వేయాలి? రెంటిలోనూ వేయకూడదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే వీటిని ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా లెక్కగట్టాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త నిబంధనల ప్రకారం తడి, పొడితో పాటు శానిటరీ చెత్త, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని మొత్తం నాలుగు రకాలుగా వేరు చేయాలి. మందులు, బల్బులు, పెయింటు డబ్బాలు ఆ నాలుగో రకం.

పారేయడం కంటే ముందు దాచడం గురించి చెప్పాలి. ఎక్కువ ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. యాసిడ్ అమ్మకాలను కట్టడి చేయమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అయినా బండ్ల మీద బాత్రూం యాసిడ్, ఫినాయిల్ అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం. వాటిని నీళ్ల సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో పోయించుకోవడం మహా ప్రమాదం. దాహమేసిన పిల్లవాడికి అది నీళ్ల సీసాలాగే కనిపిస్తుంది. ఏ మందైనా దాని అసలు డబ్బాలోనే, పేరు కనిపించేలా ఉంచండి. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకండి. యాసిడ్, కిరోసిన్ లాంటివి పైకి వచ్చేటప్పుడు గొంతునో ఊపిరితిత్తులనో మళ్లీ దెబ్బతీస్తాయి. 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఒకే అరలో పెట్టకండి, ఒకే బకెట్లో అసలే కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే గాలాడని చిన్న బాత్రూముల్లో అది ఊపిరి ఆడనివ్వదు. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టు అయితే ఇంట్లోకే రావద్దని నా గట్టి అభిప్రాయం. అది కడుపులోకి పోయినా మొదట్లో మనిషి బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు, ఆ తర్వాత కాలేయం పాడవుతుంది. దానికి విరుగుడు మందు లేదు. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఇక ఎంత ఎత్తులో పెట్టాలన్నది. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు సింకు కింద, మంచం కింద ఉన్న మందులన్నీ ఆ నీళ్లలో కలుస్తాయి, అవే నీళ్లలో మనం నడుస్తాం. కాబట్టి గ్రౌండ్‌ఫ్లోర్ వాళ్లు వీటిని పిల్లలకు అందనంత ఎత్తున, తాళం వేసిన అరలో పెట్టుకోవాలి.

పారేసే సంగతికొస్తే, మాత్రల దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. సింకులోనో టాయిలెట్‌లోనో పోసేస్తారు. ఆ నీళ్లు డ్రైనేజీల గుండా చేరేది మూసీకే. అంబర్‌పేట, నాగోలు మురుగు శుద్ధి కేంద్రాలను కట్టింది మందుల అవశేషాలను తీయడానికి కాదు. నీళ్లలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మందులకు బాక్టీరియా అలవాటు పడితే, రేపు మనకు జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయదు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ భారీ మోతాదులో ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్యాక్టరీతో పోలిస్తే మన వాటా చిన్నదే, కానీ అది మన చేతిలో ఉన్నది. ట్రమడాల్, డయాజిపామ్, మార్ఫిన్ వంటి 17 మందులను మాత్రం, ఇంకొకరి చేతిలో పడితే ప్రాణం మీదికి వస్తుంది గనుక, టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో సూచించింది. మిగతావి వేరే కవరులో కట్టి ఉంచండి.

సూదులు మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండకముందే మూత బిగించి టేపు చుట్టండి. పలుచని కవరులో వేస్తే, స్వచ్ఛ ఆటోలో చేతులతో చెత్త వేరుచేసే కార్మికుడికి గుచ్చుకుంటాయి. హెపటైటిస్ బి, సి అలా కూడా రావచ్చు. డబ్బా ఇచ్చేటప్పుడు ‘అన్నా, ఇందులో సూదులున్నాయి’ అని నోటితో చెప్పండి. ట్యూబ్‌లైటు, సీఎఫ్‌ఎల్, పాత థర్మామీటరులో పాదరసం ఉంటుంది. పగిలితే చీపురు పట్టకండి, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, గట్టి కాగితంతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయండి. ఇన్వర్టర్ బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి. సీసం విలువైన లోహం కాబట్టి వాళ్లు సంతోషంగా తీసుకుంటారు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని నొక్కకండి, కొనలకు టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. లారీలో నలిగితే అది అంటుకుంటుంది.

ఇంత చేసినా ఇలా వేరుచేసిన చెత్తను తీసుకునేచోటు ఒకటుండాలి. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకూ ఒక సేకరణ కేంద్రం పెట్టాలని 2016 నిబంధనల్లోనే రాసి ఉంది. మన కాలనీ ఎక్కడ ఇవ్వాలో సంక్షేమ సంఘం తరఫున సర్కిల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. స్వచ్ఛ ఆటో కార్మికుడు ఒంటిచేత్తో తీర్చగలిగే సమస్య కాదిది. నెలకొక రోజు ఈ చెత్త కోసమే బండి పంపమని, ఆ పని చేసేవాళ్లకు గ్లౌజులు, బూట్లు ఇవ్వమని ఆ ఉత్తరంలోనే రాయండి.