‘నా జాడ తీయవద్దు’

మనము ఒక వెబ్‌సైటును తెఱచినపుడు కంటికి కనబడు పుటతోపాటు కనబడని ఆజ్ఞలు కొన్ని మన యంత్రములోనికి వచ్చును. అవి నడచునది దూరమున నున్న సర్వరులో గాదు. మన చేతి ఫోనులో, మన బ్రౌజరులోనే. వానిని వ్రాయు భాషకు జావాస్క్రిప్టు అని పేరు. మనము ఏ సైటునుండి ఏ సైటునకు పోతిమో, ఏ చీర ధర చూచితిమో గుర్తించి ప్రకటనకర్తలకు అందించునవి ఇట్టి స్క్రిప్టులే. ‘నా జాడ తీయవద్దు’ అని మనము తెలిపిన కోరికను చదివి ఊరకుండగలవియు ఇవియే.

ఆ కోరికను తెలుపు ఏర్పాటును 2009లో అమెరికాలో కొందరు పరిశోధకులు సూచించిరి. దాని పేరు ‘డు నాట్ ట్రాక్’. బ్రౌజరులో ఆ మీట వేసినచో ప్రతి విన్నపముతోను కోరిక సర్వరునకు పోవును. పుటలోని స్క్రిప్టు కూడ బ్రౌజరును అడిగి తెలిసికొనవచ్చును. ప్రత్యుత్తరము 1 అయినచో వద్దని యర్థము; 0 అయినచో అభ్యంతరము లేదని; ఏమియు రానిచో, ఆ వ్యక్తి నోరు విప్పలేదని మాత్రమే. ఇచ్చట పొరపడుట సులభము. ఆ 1, 0 అంకెలుగా గాక అక్షరములుగా వచ్చును. ఖాళీ గాని అక్షరమాల యేదైనను జావాస్క్రిప్టు దృష్టిలో ‘నిజమే’. కావున ‘కోరిక యున్నదా’ యని మాత్రమే పరీక్షించు స్క్రిప్టు 0ను సైతము ‘వద్దు’గా గ్రహించును. ఇది హానిలేని పొరపాటు. ఏమియు చెప్పనివారు ఒప్పుకొన్నట్లే యనుకొనుట అట్టిది గాదు. మౌనము అర్ధాంగీకారమను మాట పెండ్లి సంబంధములలో చెల్లునేమో గాని యిచ్చట చెల్లదు.

మన పల్లెలలో తలుపులమీద ‘ఓ స్త్రీ, రేపు రా’ అని వ్రాసెడివారు. ఆ వ్రాత పనిచేయుటకు వచ్చినది చదువు నేర్చినదై, మాట వినునదై యుండవలెను. డు నాట్ ట్రాక్ గతియు నట్లే అయినది. వినితీరవలెనను చట్టము లేదు. 2012లో మైక్రోసాఫ్టు తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో మీటను తానే వేసి యుంచగా, ఇది మనుష్యుని కోరిక గాదని ప్రకటనకర్తలు వాదించిరి. ప్రమాణములు రచించుచుండిన సంఘము 2019లో పని చాలించెను. ఆ మీటయే మనిషిని గుర్తుపట్టుటకు ఆనవాలు కాగలదని ఆపిల్ ఆ యేడే సఫారీనుండి దానిని తీసివైచెను. 2025లో ఫైర్‌ఫాక్సు కూడ తొలగించెను.

2020లో వెలువడిన ‘గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్’ తన మాట మఱింత సూటిగా చెప్పును: నా వివరములను అమ్మవద్దు, పరులకు పంచవద్దు. దీనికి కాలిఫోర్నియా చట్టము అండ. ఈ సంకేతమును మన్నింపలేదనునది ఆరోపణలలో నొకటిగా, సెఫోరా అను సౌందర్యసాధనముల సంస్థ 2022లో అచ్చట 12 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. ఇందు స్క్రిప్టునకు లభించు ప్రత్యుత్తరము నిజము, అబద్ధము అను రెండే; ఏర్పాటు లేని బ్రౌజరులో ఏదియు రాదు. అయితే వరుస ముఖ్యము. ప్రకటనకర్తల స్క్రిప్టులు దిగకమునుపే ఈ ప్రశ్న అడుగవలెను. తరువాత అడిగినచో అప్పటికే జాడ చేరవలసినచోటికి చేరి యుండును.

ఈ మీట ఫైర్‌ఫాక్సులో గోప్యతకు సంబంధించిన సెట్టింగులలో నున్నది. బ్రేవ్ అను బ్రౌజరులో మనము తాకకయే వేసి యుండును.