డ్రైవర్ లేని రైలు

అక్కలూ, పెర్త్‌లో మీ ఇంట్లోనో పక్కింట్లోనో విమానమెక్కి గనికెళ్లి, వారాల తర్వాత ఇంటికొచ్చేవాళ్లు ఉండే ఉంటారు. అందుకే ఈ కబురు.

2018 జూలైలో రియో టింటో రైలు 28,000 టన్నుల ఇనుప ఖనిజంతో, పిల్బరాలో టామ్ ప్రైస్ నుంచి కేప్ లాంబర్ట్ రేవు దాకా 280 కిలోమీటర్లు డ్రైవర్ లేకుండానే వెళ్లింది. దాన్ని కనిపెట్టుకున్నది 1,500 కిలోమీటర్ల దూరాన, పెర్త్ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు! వేగం, బ్రేకులు కంప్యూటరే చూసుకుంటుంది. మధ్యలో డ్రైవర్లు మారడానికి ఆగే పనీ లేదు.

మరి ఆ డ్రైవర్ల సంగతి? నాకూ అదే గుబులు. అయినా సెన్సర్లు, సిగ్నళ్లు బాగుచేయడానికి మనుషులు కావాలి కదా. ఎలక్ట్రికల్ డిప్లొమా బీరువాలో పెట్టేసిన చెల్లెళ్లూ, ఒకసారి బయటికి తీయండి. అదొక్కటే చాలదు, కరెంటు పనికి ఇక్కడి లైసెన్సు కావాలి. కంట్రోల్ రూమ్ ఉద్యోగమైతే డ్యూటీ దిగి ఇంటికే రావచ్చు. నైట్ షిఫ్టులంటారా, మన నర్సులకు కొత్తా!