బండి బ్రేకు అరుస్తోందా?



బండి బాగోగులు మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. కానీ నడిపే ఆయన చెవుల్లో ఎదురుగాలి హోరు, కాళ్ళ మధ్య ఇంజను మోత. వెనక కూర్చున్న మనం సరిగ్గా వెనక చక్రం మీదే ఉంటాం. బ్రేకు మూలిగితే ముందు వినపడేది మనకే.

పట్నం నుంచి సెలవులకు జగిత్యాల దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణించి గొల్లపల్లికి మరిదిగారి బండి మీద వెళ్ళే కోడళ్ళకు ఆ దారి సంగతి తెలుసు. నాట్లప్పుడు ట్రాక్టర్లు రోడ్డు మీదికి బురద మోసుకొస్తాయి. కోతలప్పుడు రోడ్డు వారన వడ్లు ఆరబోస్తారు, దుమ్మూ పొట్టూ లేస్తాయి. అదంతా చక్రం సందుల్లోకే పోతుంది.

చాలా బండ్లకు వెనక ఉండేది డ్రమ్ము బ్రేకు. చక్రం నడుమ ఇనుప గిన్నె లాంటిది, దాని లోపల నెలవంక ఆకారంలో రెండు షూలు, వాటికి అతికించిన లైనింగు. పెడలు నొక్కితే షూలు విచ్చుకుని, తిరిగే గిన్నెను లోపలినుంచి ఒరుసుకుంటాయి. ఆ రాపిడితోనే బండి ఆగుతుంది. అందుకని, తలుపు కిర్రుమంటే నూనె చుక్క వేసినట్టు బ్రేకుకు మాత్రం వేయకండి. చప్పుడు పోతుంది, దాంతోపాటు బ్రేకూ పోతుంది!

చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందో ముందు గమనించండి. నొక్కినప్పుడే కీచుమంటే లోపల దుమ్ము చేరిందనో, లైనింగు అద్దంలా నున్నబడిందనో అర్థం. విప్పి, తుడిచి, ఉప్పుకాగితంతో రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది. వాన పడిన మర్నాడు పొద్దున కాసేపు అరిచి, నాలుగుసార్లు నొక్కేసరికి మానేస్తే దిగులు పడక్కర్లేదు.

కీచు పోయి బరబరమని ఇనుము మీద ఇనుము గీకినట్టు వస్తోందా? అది వేరే సంగతి. లైనింగు పూర్తిగా అరిగిపోయి షూ డ్రమ్మును కోస్తోందన్నమాట. ఆ బండి ఇక ఇంటిముందు నిలబడాల్సిందే, “రేపు చూద్దాంలే” కుదరదు. పైగా షూలు మార్చడం చిన్న ఖర్చు. డ్రమ్ము పాడైతే చాలా బండ్లకు చక్రం నడిమి భాగమంతా మార్చాలి. అంతదాకా రాకుండా ముందే తెలుసుకోవచ్చు. చాలా బండ్లకు డ్రమ్ము పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. ఒకరు పెడలు పూర్తిగా నొక్కితే మరొకరు వంగి చూడాలి. బాణం గీత దాటితే షూలకు కాలం చెల్లినట్టే.

నొక్కకపోయినా చక్రం తిరిగినప్పుడల్లా సర్‌... సర్‌... మంటే బ్రేకు పట్టుకునే ఉందేమో చూడాలి. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్లో పెట్టి, సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బ్రేకు బలం తగ్గిందని వెనక నట్టు బిగిస్తూ పోతే వచ్చే తిప్పలు ఇవి. ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కి లైనింగు మళ్ళీ నున్నబడుతుంది. దిగాక డ్రమ్ము దగ్గర చేయి పెట్టండి, తాకకండి, దోసె పెనం దగ్గరిలా సెగ కొడితే అదే కారణం. ఒక్కోసారి బ్రేకు తప్పే ఉండదు, వదులైన చీర గార్డు గలగలమంటుంది!

నొక్కగానే ఒక్కసారి టక్కుమంటే, బ్రేకు ప్లేటును పట్టి ఉంచే కడ్డీ బోల్టు వదులైందేమో అప్పుడే చూపించండి. అది ఊడితే చక్రం బిగుసుకుపోవచ్చు.

జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్ళే దారిలో కొండగట్టు ఉంది కదా. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాటు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవైమందికి పైగా పోయారు. బస్సు కథ వేరు, బండి కథ వేరు. కానీ గుట్ట దిగేటప్పుడు బ్రేకు మీద పడే భారం రెండింటికీ ఉంటుంది. అరుస్తున్న బ్రేకుతో గుట్ట ఎక్కనే వద్దు. బ్రేకు మంచిదైనా చిన్న గేరులోనే దిగాలి.

కొత్త బండ్లతో ఓ చిక్కుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటో, ఏబీఎస్సో ఉండాలని నిబంధన వచ్చింది. అంతకు మించిన వాటికి ఏబీఎస్సే ఉండాలన్నారు. కలిసి పనిచేసే బండిలో కాలి బ్రేకు నొక్కితే ముందు చక్రం కూడా అరవవచ్చు. ఏబీఎస్ బండిలో గట్టిగా పట్టినప్పుడు టకటకమని అదిరితే అది లోపం కాదు.

మెకానిక్కు దగ్గర “బ్రేకు బిగించు బాబూ” అని ఊరుకోకండి. నొక్కితే వస్తోందా, నొక్కకపోయినా వస్తోందా చెప్పి, డ్రమ్ము విప్పి చూడమనండి. విప్పినప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. లోపలి దుమ్మును నోటితో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి. పాత లైనింగుల్లో రాతినార ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.