అరవై గోల్స్ వీరుడు ఎక్కణ్ణుంచి పుట్టాడు?

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక కేజీఎఫ్ బతుకుతెరువు బెంగళూరు వైపు మళ్లింది. మారికుప్పం నుంచి బయల్దేరే రైళ్లలో పొద్దున్నే పనికి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లు వేలల్లో ఉన్నారు. అంతసేపు కూర్చోవాలంటే కుర్రాళ్లకు ఫోనే దిక్కు, ఫోన్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఉంటే ఇంకేం కావాలి! "ఏమప్పా, మావాడు ఈ సీజన్లో అరవై రెండు కొట్టినాడు చూడు" అని ఒకడంటాడు. పక్కవాడి గోల్‌కీపర్ ఏడాది మొత్తానికి ఐదు గోల్సే వదిలాడట. నిజం మైదానంలో మహా అరుదైన ఇలాంటి లెక్కలు గేముల్లో సీజన్‌కొకటి చొప్పున పుట్టుకొస్తుంటాయి.

ఎందుకలా? సీజన్‌లో ఉండే వందలాది మ్యాచుల్లో మనం ఆడేవి కొన్నే. మిగతావన్నీ కంప్యూటర్ క్షణాల్లో తేల్చేస్తుంది. అక్కడ చాలాసార్లు బంతీ ఉండదు, పరుగూ ఉండదు. రెండు జట్ల బలాబలాలు బేరీజు వేసి, కొంత అదృష్టం కలిపి, ముందు స్కోరు తేలుస్తుంది. ఆ తర్వాత ఆ గోల్స్‌ను ఆటగాళ్లకు పంచుతుంది. తిరకాసంతా ఆ పంపకంలోనే ఉంది.

కాగితం మీద వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒక మంచి జట్టు 38 మ్యాచుల్లో 84 గోల్స్ చేసిందనుకుందాం. అందులో 40 శాతం సెంటర్ ఫార్వర్డ్ ఖాతాలో వేస్తే అతనికి 33 వస్తాయి. గొప్ప సీజనే, కానీ నమ్మొచ్చు. అదే 60 శాతం వేస్తే 50 దాటిపోతాయి. జట్టు స్కోర్లలో తేడా లేదు, పాయింట్ల పట్టికలో తేడా లేదు. ప్రోగ్రామ్‌లో ఒక్క అంకె మారిందంతే.

నిజం ఆటలో ఆ వాటా ఎంతుంటుంది? 2022–23 ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ 94 గోల్స్ చేస్తే హాలండ్‌వి 36, అంటే 38 శాతం. 2011–12లో మెస్సీ స్పానిష్ లీగ్‌లో 50 కొట్టి ప్రపంచాన్ని నోరెళ్లబెట్టించాడు. ఆ ఏడు బార్సిలోనా చేసినవి 114, అతని వాటా 44 శాతం. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన సీజన్‌లో ఆ జట్టు స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ చేశాడు. జట్టు చేసిన ప్రతి ఐదింట్లో ఇంచుమించు రెండు అతనివే. దేశం మారినా, లీగ్ స్థాయి మారినా పెద్ద స్ట్రైకర్ల వాటా ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. అసలు మనుషులు అలిసిపోతారు, గాయపడతారు, కార్డులు తిని బయట కూర్చుంటారు. ప్రత్యర్థి కోచ్ వాళ్ల మీద ఇద్దరు డిఫెండర్లను కాపలా పెడతాడు. గేమ్ వీటిని సరిగ్గా లెక్కలోకి తీసుకోకపోతే స్ట్రైకర్ ప్రతి మ్యాచూ ఆడతాడు, ప్రతి మ్యాచ్‌లోనూ కొడతాడు.

రెండో చిక్కు రేటింగులతో. ఫుట్‌బాల్ మేనేజర్ అనే గేమ్‌లో ఆటగాడి పరుగుకు, పాస్‌కు, గురికి 1 నుంచి 20 దాకా మార్కులుంటాయి. ఆ మార్కులు వేసేది దేశదేశాల్లోని పరిశీలకులు. 2008లో ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ కొత్త ఆటగాళ్లను వెతకడానికి ఆ సమాచారాన్ని వాడుకునే ఒప్పందం చేసుకుందంటే దాని పరువు అర్థమవుతుంది. అయినా మనుషులు వేసిన మార్కులే కదా! ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02 అనే గేమ్‌లో టో మదేరా అనే పోర్చుగీస్ స్ట్రైకర్ గోల్స్ వర్షం కురిపించేవాడు. నిజానికి అంతటి స్టార్ ఆ దేశంలో లేనే లేడు. వివరాలు సేకరించే మనిషి జొప్పించిన పేరది. అదే గేమ్‌లో మహామహుడైన టోంటన్ జోలా మౌకోకో ఉన్నమాట నిజమే గానీ, డెర్బీ కౌంటీ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

లెక్క ఎప్పుడూ ఎక్కువ వైపే తప్పాలని లేదు. ఫిఫా 22తో ఇండియన్ సూపర్ లీగ్ ఫిఫా గేముల్లోకి వచ్చింది. కేజీఎఫ్‌కు దగ్గర్లోని పెద్ద జట్టు బెంగళూరు ఎఫ్‌సీ. దాని ముఖచిత్రం లాంటి సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984లో. గేముల్లో ముప్పై నాలుగు, ముప్పై అయిదు దాటగానే ఆటగాడి వేగం, దమ్ము ఏటేటా పడిపోతాయి. నలభై వచ్చేసరికి చాలామంది అసలు జాబితాలోనే ఉండరు. ఛెత్రి మాత్రం నలభై ఏళ్ల వయసులో, 2024–25 సీజన్‌లో 14 గోల్స్ చేశాడు. ఏ గేమ్‌కూ ఆ లెక్క ముందుగా అందేది కాదు.

అలాగని గేమ్ చేసేవాళ్లు స్ట్రైకర్ వాటాకు గీత గీసి ఆపేస్తే అదీ పొరపాటే. అదే సీజన్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కు ఆడిన మొరాకో స్ట్రైకర్ అజరాయ్ 23 గోల్స్ చేశాడు, జట్టు చేసినవాటిలో దాదాపు సగం. అలాంటిది గేమ్‌లోనూ జరగనివ్వాలి, కాకపోతే ఎప్పుడో ఒకసారి. కాబట్టి ఒక్క సీజన్ చూసి గేమ్‌ను తిట్టడం కంటే, పదేళ్ల సీజన్లు వరసగా కంప్యూటర్‌కే వదిలేసి ఏటా టాప్ స్కోరర్ ఎవరో రాసుకోవడం మేలు. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ తొలి పదకొండు సీజన్లలో ఇరవై గోల్స్ దాటినవాడు అజరాయ్ ఒక్కడే. గేమ్‌లో ఏటా ఒకడు దాటుతున్నాడంటే ఆ పంపకం అంకెను సరిచేయాల్సిందే.